వేడి మీద వడపోత

ఫోను మోగేసరికి పిచ్చుక నోటి నిండా నురగే. పళ్ళ డాక్టర్ని చేసుకున్నాక పళ్ళు తోముకోవడం కూడా ఒక ముచ్చటైపోయింది. అతను పక్కనే నిలబడి, "వెనక పళ్ళు, వెనక పళ్ళు... అవీ నీవే, పక్కింటివాళ్ళవి కావు" అంటుంటే ఆమె అద్దంలోంచే అతన్ని వెక్కిరిస్తూ తోముతుంది. పెళ్ళై ఇంకా కొత్త. ఒకే అద్దంలో రెండు ముఖాలు కనిపించడమే రోజూ ఒక వింత. పిచ్చుక అన్న పేరు కూడా అతను పెట్టిందే. నిద్ర లేచింది మొదలు కిచకిచమంటూనే ఉంటుందని.

ఫోన్లో డైరెక్టర్‌గారు.

"అమ్మా, అందరూ ఒప్పుకున్నారు. కాలమ్‌లో ఇక నీ పొడే. ఎల్లుండి పొద్దున నింపేస్తాం."

థాంక్యూ సార్ అనబోయింది. నురగంతా ఫోను మీద పడింది. డాక్టరు తువ్వాలు తీసుకుని ముందు ఫోను, తర్వాత ఆమె గడ్డం తుడిచి, ఏమిటని అడిగేలోపే ఆమె అతని మెడ పట్టుకుని గంతులేసింది. ఆ బాత్రూమ్‌లో ఇద్దరు గంతులేసేంత చోటు లేదు. బకెట్టు బోర్లాపడి నీళ్ళు గుమ్మం దాటాయి.

కింది వాటాలోంచి గొంతు లేచింది. "పైన ఊడిపడుతున్నది ఇంటికప్పా, మనుషులా?"

వదిన. డాక్టరుకు అక్క. పిచ్చుకకు ఇంట్లో వదిన, ల్యాబులో పైఅధికారి. ల్యాబులో వెనకాల అందరూ ఆవిడను సూదిమందు అంటారు. ఏ మాటన్నా చురుక్కుమంటుంది, ఆ నొప్పి సాయంత్రం దాకా ఉంటుంది.

నిజానికి పిచ్చుక ఆవిడ దగ్గర ఉద్యోగంలో చేరింది ముందు, ఆవిడ తమ్ముణ్ణి చూసింది తర్వాత. అక్క మర్చిపోయిన కళ్ళజోడు ఇచ్చిపోదామని వచ్చిన డాక్టరు, లోపలికి దారి చూపించిన అమ్మాయిని మర్చిపోలేకపోయాడు. ఆ పై వారం అక్క ఏమీ మర్చిపోకుండానే మూడుసార్లు వచ్చాడు. అంతే, అప్పట్నుంచీ వదినకూ ఆమెకూ ఉప్పూ నిప్పూ. "నా గుమ్మంలోనే నా తమ్ముణ్ణి ఎగరేసుకుపోయింది" అని ఆవిడ పెళ్ళిలో నలుగురికి వినపడేలాగే అంది.

వాళ్ళ కంపెనీ పని చెత్తలోంచి సరుకు తీయడం. గింజలు ఒలిచేసిన మొక్కజొన్న కండెల్ని యాసిడ్ నీళ్ళలో ఉడికిస్తే ఆవిరితో పాటు ఫర్‌ఫ్యూరల్ అనే ద్రవం వస్తుంది. బాదంపప్పు వాసనేస్తుంది, గాలి తగిలితే నల్లబడుతుంది. దానికి హైడ్రోజన్ చేరిస్తే ఇంకో ద్రవమవుతుంది. ఇనుము పోతపోసే చోట ఇసుక అచ్చులు గట్టిపడటానికి వాడే జిగురుకు అదే మూలం. ఈ హైడ్రోజన్ చేర్చే పని ఊరికే జరగదు, మధ్యలో ఉత్ప్రేరకం ఉండాలి. పెళ్ళిళ్ళ పేరయ్యలాగా ఇద్దర్నీ కలిపి తాను పక్కకు తప్పుకోవాలి. తాను కరగకూడదు, తరగకూడదు.

ఏళ్ళుగా కాలమ్‌లో ఉన్నది వదిన చేసిన రాగి పొడి. కాలమ్ అంటే మనిషి నిలువుకు రెండింతలుండే ఉక్కు గొట్టం. అందులో పొడిని గుళికలుగా చేసి నింపుతారు, వేడి ద్రవం పైనుంచి కిందికి రాత్రింబవళ్ళు పారుతూనే ఉంటుంది. రాగి పొడికి బోలెడంత హైడ్రోజన్ గ్యాసు ఒత్తిడితో ఎక్కించాలి. అంత చేసినా కొన్నాళ్ళకే నీరసపడుతుంది. కండెల్లో మురికి అని వదిన తీర్పు. ఆవిడ తీర్పు మీద అప్పీలు లేదు.

పిచ్చుక అవే కండెల్ని కాల్చి, ఆ బొగ్గు మీద జిర్కోనియం అనే లోహాన్ని పట్టించింది. దానికి గ్యాసుతో పని లేదు. ఫర్‌ఫ్యూరల్‌లో కలిపే ఆల్కహాలే తన హైడ్రోజన్ ఇచ్చేస్తుంది. కాకిపిల్ల కాకికి ముద్దంటారు కదా, ఈ పిల్ల నిజంగానే కాకంత నలుపు. సీసాలో పోసి ఊపితే కాటుకలా జారేది. ఆ జారడం చూడ్డానికే ఆమె రోజుకోసారి సీసా ఊపేది.

పదకొండింటికి డైరెక్టర్‌గారి గదిలో మీటింగు. ఆయన పొడిని పొగిడాడు, పిచ్చుకను పొగిడాడు, తనను తాను కూడా కాస్త పొగుడుకున్నాడు. వదిన చేతులు కట్టుకుని అంతా విన్నది.

"ఒక్క ప్రశ్న," అంది. "వేడి వడపోత చేశావా?"

"చేశాను మేడమ్."

"ఎంత వేడి మీద?"

పిచ్చుక హుషారుగానే చెప్పింది. రియాక్టర్లో పని సగం దాకా జరగనిచ్చి, ఆపి, చల్లార్చి, మూత తెరిచి పొడిని వడకట్టేసింది. ఆ ద్రవాన్ని మళ్ళీ వేడిచేస్తే పని ఒక్క అడుగు కూడా ముందుకు సాగలేదు. అంటే పని చేస్తున్నది పొడే. అందులోంచి ద్రవంలోకి ఏదీ కరగలేదు.

"చల్లార్చి వడకట్టి దాన్ని వేడి వడపోత అంటారా? ఎండిన చెరువులో ఈతకొట్టొచ్చి ఒళ్ళు తడవలేదన్నట్టుంది."

డైరెక్టర్‌గారు నవ్వబోయి, ఎవరి పక్షాన నవ్వాలో తెలియక ఆగిపోయాడు.

"రియాక్టర్ వేడిగా ఉండగా తెరవకూడదని రూలు పెట్టింది మీరే కదా మేడమ్. ఇక్కడ అందరూ చల్లార్చే తెరుస్తారు."

"తెరిస్తే ఆల్కహాలు ముఖాన కొడుతుందని పెట్టాను. తెరవకుండా బయటికి తీయడం నీకు చేతకాకపోతే తప్పు రూలుదా?"

"ఎన్నిసార్లు వాడినా బలం తగ్గలేదు మేడమ్. కడిగి మళ్ళీ వేశాను, మళ్ళీ అంతే పని చేసింది."

"అదంతా నాకు తెలీదు. నేను సంతకం పెట్టను." వదిన లేచి కుర్చీ వెనక్కి నెట్టింది. "అయినా ఆగి చూసుకోవడం నీకు అలవాటు లేదులే. ఏది కనిపిస్తే అది చంకన పెట్టుకుని పోవడమే."

ఆ దెబ్బ పొడికి తగల్లేదు, పెళ్ళికి తగిలింది. పిచ్చుక చెవులు వేడెక్కాయి.

"మీ పొడికి పోటీ వచ్చిందనే కదా మేడమ్, ఇవాళ మీకు రూల్సన్నీ గుర్తొస్తున్నాయి?"

డైరెక్టర్‌గారు నీళ్ళ గ్లాసు ఎత్తి, తాగకుండానే దించాడు. "కొనేవాళ్ళకు మాటిచ్చేశానమ్మా. సంతకం ఉన్నా లేకపోయినా ఎల్లుండి నింపుడు నింపుడే," అన్నాడు.

ఆ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర డాక్టరు అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు. ఒక పక్క అక్క, ఇంకో పక్క పెళ్ళాం.

"మీ ఆవిడను ఆ గిన్నె ఇటు జరపమను," అంది వదిన.

"మీ అక్కగారికి చెయ్యి అందుతుందని చెప్పండి," అంది పిచ్చుక. నలుగురిలో మీరు, తలుపేసుకుంటే నువ్వు. ఆ తేడా కూడా ఆమెకో సరదా. ఇవాళ మాత్రం ఆ 'చెప్పండి'లో సరదా లేదు.

డాక్టరు తనే గిన్నె జరిపాడు. "నాకొచ్చే పేషెంట్లు నయం. నోరు తెరుస్తారు కానీ మాట్లాడలేరు."

"నీకు నవ్వులాటగానే ఉంటుంది. నీ కుర్చీ ఎవరూ లాక్కోవట్లేదు కదా," అంటూ వదిన సగంలోనే చెయ్యి కడిగేసుకుంది.

పై వాటాలోకి వచ్చాక డాక్టరు కమలాపండు తొక్కను తెగకుండా ఒకే చుట్టగా ఒలిచి ఆమె అరచేతిలో పెట్టాడు. ఆ విద్యకు ఆమె రోజూ చప్పట్లు కొట్టేది. ఇవాళ కొట్టలేదు.

"ఒకటి చెప్పనా? పంటినొప్పితో వచ్చినవాళ్ళు అన్నిచోట్లా వేలు పెట్టనిస్తారు. అసలు నొప్పి ఉన్నచోట పెడితే మాత్రం నా చెయ్యి పట్టేసుకుంటారు. అక్క చెయ్యి ఎక్కడ పట్టుకున్నావో ఒకసారి ఆలోచించు."

"అంటే నువ్వు కూడా ఆవిడ పార్టీయే!"

"నేను పంటి పార్టీ."

అది వాళ్ళ మొదటి పోట్లాట. పిచ్చుక గోడవైపు తిరిగి కూర్చుని పండంతా ఒక్కతే తినేసింది. ఒక్క తొన కూడా ఇవ్వలేదు. తినడం అయ్యాక గోడకే చెప్పింది. "రేపే చేస్తాను. మూత తెరవకుండా, వేడి వేడిగా. ఆవిడ నోటికి తాళం వేస్తాను, చూస్తూ ఉండు."

మర్నాడు తలుపులు తీసే వేళకే ల్యాబులో ఉంది. రెండు చిన్న రియాక్టర్లను పక్కపక్కన బిగించింది. మొదటిదాని మూతలోంచి లోపలికి సన్నని ఉక్కు గొట్టం దింపి, దాని చివర లోహపు వడపోత గుండీ తగిలించింది. ద్రవం వెళ్ళగలదు, పొడి రేణువు ఒక్కటి కూడా దాటలేదు. గొట్టం రెండో కొసను పక్క రియాక్టరుకు కలిపింది. నైట్రోజన్ వదిలితే ద్రవం దానంతటదే ఇటునుంచి అటు పోతుంది. రెండు చోట్లా ఒకటే వేడి. మూత తెరవక్కర్లేదు, రూలు తప్పక్కర్లేదు. బిగించిన ప్రతి నట్టుకూ ఒక్కో తిట్టు జోడించింది. పని భలేగా సాగింది.

గుమ్మంలో వదిన నిలబడింది.

"గొట్టం చుట్టూ వేడి టేపు ఆ వంపు దగ్గర వదులుగా ఉంది. అక్కడ చల్లబడిందంటే మళ్ళీ నిన్నటి నాటకమే."

"నాకు తెలుసు మేడమ్."

"తెలిస్తే నిన్నే చేసేదానివి."

వదిన వెళ్ళాక పిచ్చుక వంపు దగ్గర టేపు బిగించింది. ఆవిడ అన్నట్టే వదులుగా ఉంది మరి. అందుకు ఇంకా ఒళ్ళు మండింది.

పని సగానికి వచ్చింది. కొంచెం ద్రవం తీసి పరీక్షించింది. ఫర్‌ఫ్యూరల్ సగం మిగిలింది, సగం మారింది. ఇక నైట్రోజన్ వదిలింది. గొట్టంలో సుయ్యిమంది. నల్లటి పొడి మొత్తం వెనకే ఉండిపోయింది. ద్రవం మాత్రం వేడి తగ్గకుండా పక్క రియాక్టరు చేరింది. ఇప్పుడు అందులో పొడి లేదు. పని ఆగిపోవాలి. పొడి లేకుండా ఉత్త ఆల్కహాలుతో ఎంతసేపు మరిగించినా ఏమీ జరగదని ఆమె ఎప్పుడో చూసుకుంది.

ఎదురుచూస్తూ సంచి తెరిస్తే కమలాపండు కనిపించింది. నిన్నటి పోట్లాటకు రాజీగా మొగుడు పెట్టిన పండు. తొక్క మీద పెన్నుతో పిచ్చుక బొమ్మ వేశాడు. బొమ్మ బాతులా ఉంది. ఆమె ఒక్కతే కిలకిలా నవ్వింది. బాతును పాడుచేయకుండా ఒలవడం ఎలాగా అని కాసేపు ఆలోచించి, ఒలవకుండానే దాచుకుంది.

మళ్ళీ ద్రవం తీసి పరీక్ష యంత్రంలోకి ఎక్కించింది. గీత తెర మీద నింపాదిగా పాకింది. ఫర్‌ఫ్యూరల్ రావలసిన చోట కొండలా లేవాలి. చిన్న పుట్ట లేచి కూలబడింది. కొంచెం అవతల, మారిన ద్రవం వచ్చేచోట, కొండ లేచింది.

సీసాలు మారాయేమో అనుకుంది. మళ్ళీ ఎక్కించింది. మళ్ళీ పుట్ట, మళ్ళీ కొండ.

స్టూలు లాక్కుని కూర్చుంది. ద్రవంలో పొడి లేదు, అయినా పని జరిగిపోయింది. అంటే పని చేసింది పొడి కాదు. వేడెక్కగానే జిర్కోనియం బొగ్గును వదిలి ద్రవంలోకి దిగుతోంది. అక్కడ పని చేస్తోంది. చల్లారేటప్పుడు ఏమీ ఎరగనట్టు వచ్చి మళ్ళీ బొగ్గు మీద కూర్చుంటోంది. పగలంతా ఊరు తిరిగి, తలుపేసే వేళకు ఇల్లు చేరే మొగుడిలాంటిదన్నమాట. చల్లార్చి వడకట్టినన్నాళ్ళూ దొరగారు ఇంట్లోనే కనిపిస్తారు. కాబట్టే ఎన్నిసార్లు వాడినా బలం తగ్గలేదు. ఇక్కడ అందరూ చల్లార్చే తెరుస్తారు కాబట్టి ఎవరికీ దొరకలేదు.

కాలమ్‌లో చల్లారడమనేదే లేదు. దిగిన లోహం దిగినట్టే కొట్టుకుపోతుంది. తిరిగొచ్చే దారి లేదు. కొన్నాళ్ళకు గొట్టం నిండా వట్టి బొగ్గు మిగులుతుంది.

చుట్టూ చూసింది. ల్యాబులో ఎవరి పని వాళ్ళది. ఈ గీత సంగతి తనకు తప్ప ఎవరికీ తెలియదు. ఊరుకుంటే రేపు నింపేస్తారు. మొదట్లో బ్రహ్మాండంగా నడుస్తుంది. తన పొడి, తన కాలమ్, వదిన మాడు ముఖం. తర్వాత నీరసపడితే కండెల్లో మురికి అంటే సరిపోతుంది. ఏళ్ళుగా అందరూ నమ్ముతున్న మాటే.

ఆ మాట దగ్గర ఆమె ఆలోచన ఒక్క క్షణం తట్టుకుని ఆగింది. తర్వాత లేచింది. ఏడుపు వస్తే దారిలోనే రావాలి, గదిలో రాకూడదు అనుకుంటూ నడిచింది. దారిలో రాలేదు.

డైరెక్టర్‌గారి గదిలో వదిన కూడా ఉంది. ఉండకపోతే బాగుండునని పిచ్చుక అనుకునేలోపే ఇద్దరూ తలెత్తారు.

"సార్, రేపు నింపొద్దు. పొడి కరుగుతోంది. వేడి మీద వడకడితే తెలిసింది. నేనే తప్పుగా చూశాను."

డైరెక్టర్‌గారి ముఖం కందగడ్డయింది. "నిన్న అంత ధీమాగా చెప్పావు కదమ్మా! కొనేవాళ్ళకు నేనేం చెప్పను? మా పిల్ల చల్లార్చి చూసిందండీ అని చెప్పనా?"

"చెప్పానా?" అంది వదిన. ముఖం దీపం పెట్టినట్టు వెలిగింది. "గంతులేసేముందు నేల చూసుకోవాలి. బకెట్లు బోర్లాపడ్డంత సులువు కాదు ఇది."

పిచ్చుక పెదవి కొరుక్కుంది. డైరెక్టర్‌గారు ఫోను చేతిలోకి తీసుకుని, ఇద్దర్నీ బయటికి వెళ్ళమని చెయ్యి ఊపాడు.

వసారా చివర కాలమ్ గది. వదిన అటు నడిచింది. ఎందుకో తెలియకుండానే పిచ్చుక కూడా వెంట నడిచింది. లోపల వేడిగా ఉంది, బాదం వాసన గొంతు పట్టుకుంటోంది. ఉక్కు గొట్టం సన్నగా గురకపెడుతోంది.

"ఎందుకు చెప్పావు?" వదిన వెనక్కి తిరగకుండానే అడిగింది. "ఊరుకుంటే రేపు నింపేవాళ్ళు."

"మీ నోరు మూయిద్దామని చేశాను మేడమ్. నాదే మూతపడింది. ఇంకేం చేయను?"

"సరే, నువ్వు ఒకటి చెప్పావు కాబట్టి నేనూ ఒకటి చెప్తాను. నీ పొడిలో తప్పుందని నాకేం తెలీదు. తెలిసి అడగలేదు. నువ్వు ఆగిపోవాలి, అంతే. ఏదో ఒకటి అడగాలి, అది నోటికొచ్చింది."

పిచ్చుక నోరు తెరిచింది. "అంటే ఉత్త కక్షా?"

"కక్షే. దాపరికమేముంది? ముందు మా తమ్ముడు, తర్వాత నా కాలమ్. ఇక మిగిలింది నా కుర్చీ."

"కుర్చీ మీరే ఉంచుకోండి. అది కిర్రుమంటుంది."

వదిన పెదవి ఒక పక్క వణికింది. నవ్వయితే అక్కడే చంపేసింది.

పిచ్చుక కాలమ్ వైపు చూసింది. ఇందాక మనసులో తట్టుకున్న మాట ఇప్పుడు నాలుక మీదికి వచ్చింది. కొరివితో తల గోక్కోవడమే అని తెలుసు. అయినా అనేసింది.

"మేడమ్, మీ రాగి పొడిని ఎప్పుడైనా వేడి మీద వడకట్టారా?"

వదిన చటుక్కున తిరిగింది. "అది హైడ్రోజన్‌తో నడిచేది. దాని సంగతి వేరు."

"కరగడానికి వేరేముంది? ఏడాదిలో ఎన్నిసార్లు మారుస్తున్నారు! ప్రతిసారీ కండెల మురికే అన్నారు. కండెలు కడిగించారు, కొత్తవి తెప్పించారు, ఆరబెట్టించారు. అయినా నీరసపడుతూనే ఉంది. మీరు కూడా చల్లార్చే తెరిచారు కదా, అందరిలాగే?"

"నోరు అదుపులో పెట్టుకో."

"మీరు నన్నడిగిన ప్రశ్నే మేడమ్. మీరు కక్షతో అడిగారు, నేను కూడా కక్షతోనే అడుగుతున్నాను. ప్రశ్నకేం, అది మంచిదే."

వదిన గొట్టం పక్కన, హైడ్రోజన్ ఎంత ఖర్చవుతోందో చూపే మీటరు దగ్గరికి వెళ్ళింది. ముల్లు ఎప్పటిలాగే ఉండవలసినదానికంటే కాస్త దిగువన ఉంది. ఆవిడ దాన్ని వేలితో తట్టింది. ముల్లు కదల్లేదు. పిచ్చుకకు ఆవిడ వీపు తప్ప ఏమీ కనిపించలేదు, ఆ వీపు మాత్రం నిన్నటంత బిగుసుకుని లేదు.

"రేపు పొద్దున," అంది వదిన చివరికి, మీటరుకే చెబుతున్నట్టు. "నా పొడి, నీ గొట్టం. హైడ్రోజన్ వాల్వు నేను తిప్పుతాను, నువ్వు ముట్టుకోవద్దు. వడకట్టేది మాత్రం నువ్వే. నేను వడకడితే రేపు నువ్వే అంటావు, ముసల్ది గోల్‌మాల్ చేసిందని."

"అంటాను మేడమ్."

"అంటావు, తెలుసు. డైరెక్టర్ని నేనే పిలుస్తాను. కరిగిందని తేలితే ఆయన ముందే చెప్తాను, ఇన్నాళ్ళూ కండెల్ని తిట్టానని. తేలకపోతే మాత్రం ఆ పై ఏడాదంతా నీకు సీసాలు కడిగే పనే."

"సరే. ఎన్నింటికి రమ్మంటారు?"

"రమ్మనేదేమిటి, ఇద్దరం ఒక ఇంట్లోనే కదా ఏడిచేది. ఆరున్నరకు మెట్ల కింద నిలబడు. నా బండి ఎవరికోసమూ ఆగదు."